ఇంజను మార్పిడి: ముందు కొలత, తర్వాతే కోత

సంపాదకుల వారికి నమస్కారం.

పాత టూ స్ట్రోక్ ఇంజనును కొత్త ఆఫ్‌రోడ్ బండి ఫ్రేములోకి ఎక్కించడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు బాగున్నాయి, రాసినవారి ఉత్సాహమూ బాగుంది. అయితే అందులో "నాలుగు ప్లేట్లు వెల్డింగ్ చేస్తే ఇంజను కూర్చుంటుంది" అనే వాక్యం ఒకటి ఉంది. దాన్ని నమ్మి మన నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ళు గ్రైండర్ చేతపడతారేమోనన్న భయంతోనే ఈ ఉత్తరం. ఈ పని మొత్తంలో ఇంజను కూర్చోవడమే అన్నిటికన్నా తేలిక. కూర్చున్న ఇంజను వెనక చక్రాన్ని లాగడం మొదలుపెట్టాక ఫ్రేము, చైను, బేరింగులు ఎలా తట్టుకుంటాయన్నదే అసలు సంగతి. అది వ్యాసంలో రాలేదు.

ఈ కోరికకు మూలం హోండా సీఆర్500ఆర్ అనే టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండి. ఆ బండి 1984లో గాలికి చల్లబడే ఇంజనుతో వచ్చింది, 1985 నుంచి రేడియేటరు పెట్టారు, 2001 మోడలుతో ఆపేశారు. 491 సీసీ, 89 మి.మీ. బోరు, 79 మి.మీ. స్ట్రోకు, ఐదు గేర్లు, కిక్ స్టార్టు మాత్రమే. చివరిదాకా దాని ఫ్రేము ఇనుపదే. అదే కంపెనీ 1997లో సీఆర్250ఆర్‌కు అల్యూమినియం ఫ్రేము ఇచ్చింది కానీ 500కు ఇవ్వలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి అమెరికాలో కొందరు 500 ఇంజనును ముందు 250 ఫ్రేముల్లోకి, తర్వాత అదే కంపెనీ సీఆర్‌ఎఫ్ ఫోర్ స్ట్రోకు ఫ్రేముల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. మన జిల్లాల్లో ఆ ఇంజను దొరకడం అరుదు. మనవాళ్ళ దగ్గరుండేవి ఆర్‌ఎక్స్135, రాజ్‌దూత్ 350 ఇంజన్లు. అవి రోడ్డు బండ్లవే అయినా కుర్రాళ్ళు వాటినే ఇప్పటి మోనోషాక్ (వెనక ఒకే షాక్ అబ్జార్బరు ఉండే) ఫ్రేముల్లోకి ఎక్కించాలని అడుగుతున్నారు. ఇంజను ఏదైనా లెక్క ఒకటే.

ఫ్రేములో కదపకూడని స్థానాలు రెండు. ఒకటి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) ఊగే పివట్ బోల్టు, రెండోది ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ళ చక్రం) ఉండే షాఫ్టు. ఈ రెంటి మధ్య దూరం, ఎత్తు తేడా కంపెనీవాళ్ళు ఎంత పెట్టారో కొత్త ఇంజనుకూ అంతే ఉండాలి. కాబట్టి ఫ్రేములోని పాత ఇంజను విప్పకముందే 5 మి.మీ. ఇనుప రేకుతో ఒక జిగ్ (కొలతను పట్టి ఉంచే అచ్చు) తయారు చేసుకోవాలి. రేకులో ఒక రంధ్రం పివట్ బోల్టుకు, ఇంకొకటి స్ప్రాకెట్ షాఫ్టు మీద బిగుతుగా కూర్చునే బుష్షుకు (పొట్టి లోహపు గొట్టానికి). మూడో రంధ్రం ఫ్రేములో ఏదైనా స్థిరమైన బోల్టుకు వేస్తే రేకు తిరిగిపోదు. ఇంజను దించాక ఆ రేకును ఫ్రేముకు బిగిస్తే షాఫ్టు ఎక్కడుండాలో అదే చూపిస్తుంది. కొత్తగా ఎక్కించే ఇంజను షాఫ్టును ఆ బుష్షులోకి తెచ్చి నిలబెట్టాలి, మౌంటింగులు దాని చుట్టూ కట్టుకోవాలి. షాఫ్టు లావు వేరైతే బుష్షు మార్చుకుంటే సరిపోతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఇంజనును ఎలాగోలా ఇరికించి, తర్వాత చైను ఎటు పోతుందో చూస్తారు.

ఆ కొలత తప్పితే ఏమవుతుందో అంకెల్లో చెబుతాం. స్వింగ్ ఆర్మ్ పొడవు 580 మి.మీ., పివట్ నుంచి షాఫ్టు దూరం 70 మి.మీ. అనుకుందాం. షాఫ్టు, పివట్, వెనక ఇరుసు మూడూ ఒకే గీతలో ఉన్నప్పుడు షాఫ్టుకూ ఇరుసుకూ మధ్య 650 మి.మీ. ఉంటుంది. చైను అన్నిటికన్నా బిగిసేది అక్కడే. ఆర్మ్ ఆ గీత నుంచి 15 డిగ్రీలు దిగితే ఆ దూరం సుమారు 2.1 మి.మీ. తగ్గుతుంది. షాఫ్టును ముందుకు జరిపి 100 మి.మీ. చేస్తే తగ్గుదల 2.9 మి.మీ. అవుతుంది. వినడానికి చిన్నవే. కానీ రెండు మిల్లీమీటర్లు దగ్గరైతేనే చైను కింది వరస సెంటీమీటర్ల కొద్దీ వేలాడుతుంది. బండి స్టాండు మీద ఉన్నప్పుడు "వదులు ఎక్కువుంది" అని బిగించేస్తే, గుంతలో పడి ఆర్మ్ పైకి లేచినప్పుడు చైను తీగలా బిగుసుకుంటుంది. ముందు షాఫ్టు బేరింగు పోతుంది, లేకపోతే క్రాంక్‌కేసు (ఇంజను బయటి పెంకు) పగులుతుంది. అందుకే వెనక షాక్ విప్పేసి, ఆర్మ్‌ను చేత్తో ఎత్తి ఆ మూడూ ఒకే గీతలోకి తెచ్చి, అక్కడ సుమారు ఒక సెంటీమీటరు వదులు ఉండేట్టు చైను పెట్టాలి. షాక్ తిరిగి బిగించి, స్టాండు మీద ఆ చైను ఎంత వేలాడుతుందో కొలిచి రాసుకోవాలి. ఇక మీదట అదే ఆ బండి కొలత.

ఎత్తు తేడాకూ ఫలితం ఉంటుంది. షాఫ్టు అసలు స్థానం కన్నా పైకి లేస్తే యాక్సిలరేటరు తిప్పగానే బండి వెనక కుంగుతుంది. కిందికి దిగితే లాగేటప్పుడు సస్పెన్షను గట్టిపడి, ఎగుడుదిగుడు నేల మీద వెనక చక్రం తన్నుతుంది. ఏ వైపైనా 3 మి.మీ. దాటనివ్వకూడదన్నది మేము పాటించే హద్దు.

చైను పక్కలకు కూడా తిన్నగా ఉండాలి. వెనక స్ప్రాకెట్ ముఖానికి మీటరు పొడవు తిన్నని పట్టీ ఆనించి ముందు స్ప్రాకెట్ దాకా చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే సరిచేయాల్సిందే. దానికి మెట్టు ఉన్న ముందు స్ప్రాకెట్ లేత్ మీద చేయించుకోవచ్చు, వెనక స్ప్రాకెట్ కింద స్పేసరు వేయవచ్చు. చక్రాన్ని పక్కకు జరపడం మాత్రం పరిష్కారం కాదు, అది రెండు చక్రాల వరసను చెడగొడుతుంది. పాత ఇంజనుకు 428 చైను, ఫ్రేముకు 520 చైను ఉండటం సాధారణం. 428 లింకు పొడవు 12.7 మి.మీ., 520ది 15.875 మి.మీ. ముందొకటి వెనకొకటి పెడితే కలవవు. కాబట్టి రెండు స్ప్రాకెట్లూ ఒకే సైజుకు తెచ్చుకోవాలి. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గించడం వెనక మూడు, నాలుగు పళ్ళు పెంచడంతో సమానమని గుర్తుంచుకుంటే గేరింగ్ లెక్క తేలికవుతుంది.

ఇక పివట్ బోల్టు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే మనుషులకు దెబ్బలు తగిలేది ఇక్కడి పొరపాట్ల వల్లే. ఇప్పటి మోటోక్రాస్ బండ్లలో ఈ బోల్టు ఒకవైపు ఫ్రేము, స్వింగ్ ఆర్మ్, ఇంజను కేసు వెనక చెవి, మళ్ళీ ఆర్మ్, రెండోవైపు ఫ్రేము, ఇలా అన్నిటినీ గుచ్చుకుంటూ పోతుంది. అంటే ఇంజను కూడా అక్కడ ఫ్రేములో భాగమే. మన పాత రోడ్డు బండ్ల ఇంజన్లకు ఆ చెవి ఉండదు. ఆ ఇంజను పెట్టి బోల్టు బిగిస్తే మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. నట్టు బిగించేకొద్దీ ఫ్రేము రెండు వైపులా లోపలికి వంగుతుంది, ఆర్మ్ బిగుసుకుపోయి సులువుగా ఊగదు, బేరింగుల మీద పక్క ఒత్తిడి పడుతుంది. కాబట్టి తీసేసిన ఇంజను చెవి వెడల్పును వెర్నియర్‌తో కొలిచి, అంతే పొడవున్న గట్టి స్టీలు గొట్టం చేయించి మధ్యలో పెట్టాలి. ఒక పదో వంతు మిల్లీమీటరు ఖాళీ ఉంటే సన్నని షిమ్ము (రేకు వాషరు) వేయాలే తప్ప నట్టుతో లాగి మూయకూడదు. బిగించాక షాక్ లేకుండా ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే తన బరువుకు తానే దిగాలి. దిగలేదంటే ఎక్కడో పట్టేసినట్టే.

చెవి ఉన్న ఇంజనే పెడుతున్నా, దాని రంధ్రం బోల్టు కన్నా పెద్దదైతే గోడ మందం ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. ఉండే స్టీలు బుష్షు వేయాలి. రంధ్రం చిన్నదైతే కేసును బోరింగ్ మిషను మీద పెట్టి రెండు చెవుల్నీ ఒకే సెట్టింగులో బోరు చేయించాలి. చేతి డ్రిల్లుతో పెద్దది చేస్తే రెండు రంధ్రాలూ ఒక గీతలో ఉండవు. కొత్త బోల్టు చేయించాల్సి వస్తే ఈఎన్24 అనే గట్టి స్టీలు అడగండి. షాపులో చేతికందిన మైల్డ్ స్టీలు రాడ్డుకు మర కొట్టించి వాడితే అది వంగుతుంది, వంగిన బోల్టు బయటికి రాదు.

డైమండ్ ఫ్రేము అని పిలిచే రకానికి ఇంజను కింద గొట్టాలు ఉండవు. అక్కడ ఇంజనే ఫ్రేము అడుగు భాగం. పాత టూ స్ట్రోక్ ఇంజన్ల కేసులు అలాంటి బరువు మోయడానికి పోత పోసినవి కావు, అవి గొట్టాల మధ్య కూర్చోవడానికి పుట్టినవి. డైమండ్ ఫ్రేములో పెట్టాలంటే ఇంజను కింద, తీసి బిగించుకునే ఊయల లాంటి గొట్టాల చట్రం కట్టక తప్పదు. ఒంగోలు గిత్తల జతను బండలాగుడు పోటీకి తెచ్చి పొలం దున్నే లేత కాడి కడితే ముందు విరిగేది కాడే. ఇక్కడా అంతే. బలం ఇంజనుది, దెబ్బ ఫ్రేముది.

అల్యూమినియం ఫ్రేమును కోసే ముందు ఆగి ఆలోచించండి. మన దగ్గర రొయ్యల చెరువుల సామాను, ఆసుపత్రుల స్టీలు బాగుచేసే ఆర్గాన్ వెల్డింగ్ షాపులు ఉన్నాయి, వాటిలో మంచి పనివాళ్ళూ ఉన్నారు. కానీ స్టీలుకు వాడే డీసీ కరెంటు అల్యూమినియానికి పనికిరాదు, ఏసీ కరెంటు ఇచ్చే టిగ్ (ఆర్గాన్ వెల్డింగ్) మిషను ఉండాలి. అల్యూమినియం దాదాపు 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద ఉండే ఆక్సైడ్ పొర మాత్రం రెండు వేల డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరను కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్షుతో గీకి, అసిటోన్‌తో తుడవకపోతే పైన మెరిసే అతుకు లోపల బోలుగా ఉంటుంది. ఇనుము గీకిన బ్రష్షుతో అల్యూమినియం గీకకూడదు.

అతుకు బాగా కుదిరినా ఇంకో చిక్కుంది. 6061-టీ6 లాంటి అల్యూమినియం మిశ్రమ లోహానికి బలం వచ్చేది వేడి చికిత్స వల్ల. వెల్డింగ్ వేడి ఆ చికిత్సను చెరిపేస్తుంది, అతుకు పక్కనున్న లోహం బలంలో సగం దాకా పోగొట్టుకుంటుంది. మళ్ళీ రావాలంటే ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో 530 డిగ్రీల దగ్గర కాచి, నీళ్ళలో ముంచి, తర్వాత 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. అంత పెద్ద కొలిమి వీధి చివర దొరకదు, పైగా ఆ వేడికి ఫ్రేము వంకరపోకుండా జిగ్‌లో బిగించి ఉంచాలి. ఫిల్లర్ రాడ్డు (అతుకులో కరిగించి నింపే కడ్డీ) సంగతీ చూసుకోవాలి. 5356 రాడ్డు బలమైనదే కానీ 65 డిగ్రీలు దాటి ఎక్కువసేపు వేడెక్కే చోట పనికిరాదు. సైలెన్సరు గొట్టం పక్కన, రోహిణి కార్తె ఎండలో ఆ వేడి ఎంతసేపు? అక్కడ 4043 వాడటం మేలు. ఇవన్నీ లెక్కేసుకుంటే, ఫ్రేముకు వెల్డింగే చేయకుండా, ఉన్న మౌంటింగు రంధ్రాలకే బోల్టులతో బిగించే ప్లేట్లు చేసుకోవడం ఉత్తమం. 6 మి.మీ. స్టీలు, లేదా 8 నుంచి 10 మి.మీ. అల్యూమినియం ప్లేటు చాలు. 8.8 గ్రేడు బోల్టులు వాడి, 8 మి.మీ. వాటిని 22 నుంచి 25, 10 మి.మీ. వాటిని 45 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచితో బిగించాలి. సిలిండరు హెడ్డు నుంచి ఫ్రేముకు వెళ్ళే పై పట్టీని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. ఒంటి సిలిండరు టూ స్ట్రోక్ అదురుకు కింది ప్లేట్లు పగలకుండా కాపాడేది ఆ పట్టీయే.

కొలతలు చూసేటప్పుడు మొత్తం ఇంజనుతో కుస్తీ పట్టక్కర్లేదు. క్రాంకు, గేర్లు తీసేసిన ఖాళీ కేసు, సిలిండరు, హెడ్డు చాలు, ఒక్క మనిషి ఎత్తగలడు. మొదట అట్టతో, తర్వాత ప్లైవుడ్‌తో ప్లేటు నమూనా కోసుకోవాలి. అన్నీ నిలబడ్డాక కిక్ రాడ్డు పూర్తిగా కిందికి తిరుగుతుందా, ఫుట్‌రెస్టుకు తగులుతుందా చూడాలి. ప్లగ్గు విప్పడానికి చోటుందా? ఇంజను దించకుండా హెడ్డు తీయగలమా? ముందు ఫోర్కుల్లో స్ప్రింగులు తీసేసి చక్రాన్ని పైదాకా నొక్కి చూస్తే టైరుకూ సైలెన్సరు గొట్టానికీ మధ్య కనీసం 20 మి.మీ. ఉండాలి. ఈ ఒక్క పరీక్ష మానేసినందుకు మొదటి దూకుడులోనే గొట్టం నలిగిపోతుంది. టూ స్ట్రోక్‌కు ఆ పొట్ట గొట్టం కేవలం పొగ పోయే దారి కాదు, పీడన తరంగాన్ని వెనక్కి పంపి సిలిండరు నింపేది అదే. చోటు చాలలేదని దాన్ని పొట్టి చేసినా పొట్ట నొక్కినా ఇంజను బలమే మారిపోతుంది. దాని పొడవు, ఘనపరిమాణం మార్చకుండా వంపులు మాత్రమే మార్చుకోవాలి. రాజ్‌దూత్ 350 రెండు సిలిండర్లది, 64 మి.మీ. బోరు, 54 మి.మీ. స్ట్రోకు, 347 సీసీ. రెండు గొట్టాలు నడపాలి కాబట్టి సన్నని ఆఫ్‌రోడ్ ఫ్రేములో దానికి చోటు వెతకడం ఆర్‌ఎక్స్ కన్నా రెండింతల పని.

మోనోషాక్ ఫ్రేములో కార్బొరేటరు వెనకే షాక్ అడ్డంగా ఉంటుంది. గాలి ఫిల్టరు రబ్బరు గొట్టాన్ని దాని పక్కనుంచి తిప్పుకోవాలి. అది ఎక్కడైనా వదులైతే పెన్నా ఇసుక నేరుగా సిలిండరులోకి పోతుంది, కొన్ని గంటల్లో పిస్టను రింగులు అరిగిపోతాయి. కార్బొరేటరుకూ సిలిండరుకూ మధ్య గాలి లీకైతే ఇంకా త్వరగా పని ముగుస్తుంది. మిశ్రమంలో పెట్రోలు, దాంతోపాటు ఆయిలు తగ్గి పిస్టను సీజవుతుంది. కాబట్టి ఇంజను ఎక్కించే ముందు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు రబ్బరు బిరడాలతో మూసి, లోపలికి గాలి కొట్టి పరీక్షించాలి. దానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు, మందుల షాపులో దొరికే బీపీ మిషను బల్బు, గేజీ చాలు. గేజీ ముల్లును 250 (మి.మీ. పాదరసం) దగ్గర నిలబెట్టి ఆరు నిమిషాలు చూడాలి. నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడిపోతే క్రాంకు సీళ్ళో, కేసు ప్యాకింగో లీకు. సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు చోటు చూపిస్తాయి.

ఇంకో సంగతి మన పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఆ ఇంజన్లు పుట్టినప్పుడు అది లేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో (కార్బొరేటరులో పెట్రోలు కొలిచి వదిలే రంధ్రంతో) మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ రావాలి. తెల్లగా ఉంటే ఇంకా పెంచాలి, ముదురు ఇటుక రంగు మంచిది. పాత రబ్బరు పైపులు, ఫ్లోటు సూది రబ్బరు, ప్యాకింగులు అన్నీ మార్చేయాలి. సముద్రపు గాలిలో నెలల తరబడి నిలవ ఉంచితే ఇథనాల్ తేమ పీల్చుకుని నీటితో కలిసి అడుక్కు చేరుతుంది. పైన మిగిలిన పెట్రోలులో మీరు కలిపిన 2టీ ఆయిలు ఉంటుంది, అడుగు నుంచి కార్బొరేటరుకు వచ్చేదాంట్లో ఉండదు. అందుకే కలిపిన పెట్రోలును రెండు మూడు వారాలకు మించి ఉంచవద్దు. లీటరుకు 31 మి.లీ. ఆయిలు పోస్తే ఒకటికి ముప్పై రెండు పాళ్ళు, 25 మి.లీ. పోస్తే ఒకటికి నలభై. ఇంజను కొత్తగా కుదురుకునేటప్పుడు ఎక్కువ పాళ్ళే వాడండి. ఫ్రేము కార్బొరేటరు లేని ఫ్యూయల్ ఇంజెక్షను బండిదైతే ట్యాంకులో పంపు ఉంటుంది, పెట్రోలు కుళాయి ఉండదు. పంపు తీసి ఆ రంధ్రానికి 6 మి.మీ. అల్యూమినియం మూత చేయించి, దానికి కుళాయి పెట్టాలి. ట్యాంకు అడుగు కార్బొరేటరు ఫ్లోటు గిన్నె కన్నా పైన ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే సగం ట్యాంకు దగ్గరే బండి ఆగిపోతుంది.

చట్టం గురించి కూడా వ్యాసంలో ఒక్క మాట లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్టరైన బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండి మీద ఉన్నది ఇంకొకటి అయితే ప్రమాదం జరిగినప్పుడు బీమా మాటే మరచిపోవాలి. అందుకని ఇలాంటి బండి ట్రాలీ మీద వెళ్ళి, గేటు మూసిన ప్రైవేటు ట్రాకులో తిరిగి, ట్రాలీ మీదే ఇంటికి రావాలి. ట్రంకు రోడ్డు దానికి చోటు కాదు, మైపాడు బీచీ కాదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక అది.

బండి పూర్తయ్యాక మొదటి అరగంట నడిపి, చల్లారనిచ్చి, ప్రతి మౌంటింగు బోల్టునూ మళ్ళీ టార్క్ రెంచితో చూడాలి. రెండు గంటల నడక తర్వాత ఇంకోసారి. ప్లేట్లకు, పివట్ చుట్టుపక్కలకు మొదటి నెల రంగు వేయకండి, రంగు పగుళ్ళను దాచేస్తుంది. అనుమానం ఉన్న చోట శుభ్రంగా తుడిచి కిరోసిన్ రాసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, సుద్దపొడి పలచగా చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పొడిలోకి ఊరి సన్నని తడి గీత కనిపిస్తుంది. ఆ గీత కనిపించిన ప్లేటును మళ్ళీ అతికించి వాడవద్దు. అదే నమూనాతో కొత్తది, కాస్త మందంగా కోయించి వేయండి.

ఇట్లు,
కొందరు టూవీలర్ మెకానిక్‌లు,
ఆటోనగర్, నెల్లూరు